ఇల్లే ఆఫీసు అయినప్పుడు

"డాక్టరుగారూ! మా అబ్బాయి హైదరాబాదు కంపెనీలో ఇంజనీరు. ఇంటి దగ్గరే కూర్చుని పని చేసుకుంటాడు. ఎండ తగలదు, బస్సు ప్రయాణం లేదు, వేళకు ఇంటి భోజనం. అయినా ఎప్పుడూ మెడ నొప్పి, కళ్ళ మంట. రాత్రి నిద్ర పట్టదు. ఊరికే విసుక్కుంటాడు. బలానికి మంచి టానిక్ ఏదైనా చెప్పండి."

ఇటువంటి ప్రశ్న ఈ మధ్య తరచు వింటున్నాను. ఉత్తరాల్లోనే కాదు, ఆస్పత్రిలో కూడా. కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన తల్లి, "ఇంట్లనే ఉంటడు గద సారూ, వానికేం కష్టం?" అంటుంది. కొడుకు నేల చూపులు చూస్తాడు. చేతిలో ఫోను మాత్రం మోగుతూనే ఉంటుంది.

టానిక్ వల్ల ఈ బాధ పోదు. నొప్పి మాత్ర వేసుకుంటే నాలుగు రోజులు తగ్గుతుంది, ఐదో రోజు మళ్ళీ వస్తుంది. ఎందుకంటే జబ్బు మెడలో పుట్టలేదు, పని జరిగే తీరులో పుట్టింది. అందుచేత ఈ వారం మనిషికి కాక, పనికి వైద్యం ఎలా చేయాలో చూద్దాం.

నారాయణపేటకు ఇది కొత్త కాదు

ఇంట్లో కూర్చుని, దూరాన ఉన్న యజమానికి పని చేసి పెట్టడం 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో పుట్టిన వింత అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మా నారాయణపేటలో నేతవారి ఇళ్ళకు వెళ్ళి చూడండి. మీరు ముచ్చటపడి కొనే గళ్ళ చీర, గుడి అంచు చీర పెద్ద ఫ్యాక్టరీలో తయారయ్యేవి కావు. చాలావరకు నేతగాని ఇంట్లో, గుంత మగ్గం మీద తయారవుతాయి. నూలు, పట్టు షావుకారు ఇస్తాడు, లేదా సహకార సంఘం ఇస్తుంది. గది, దీపం, చేతులు నేతగానివి. చీర దిగిన తరువాత లెక్క కట్టి కూలి ఇస్తారు. తరతరాలుగా ఇక్కడ ఇల్లే ఆఫీసు.

ఈ పద్ధతిలో మంచి లేకపోలేదు. మనిషి ఇంటిపట్టున ఉంటాడు. పిల్లలు కళ్ళ ముందు పెరుగుతారు. అన్నం వేడిగా తింటాడు. అన్నిటికంటే ముఖ్యం, మగ్గానికి ఒక చోటు ఉంది. మగ్గం దిగితే పని దిగినట్టే. మగ్గాన్ని ఎవరూ పక్కమీదికి తీసుకుపోరు.

చెడు కూడా ఉంది. కూలి చీరకు గాని గంటకు కాదు. కాబట్టి గంటలను ఎవరూ లెక్కపెట్టరు. పెళ్ళిళ్ళ రోజుల్లో, పండుగల ముందు దీపం వెలుగులో కూడా నేయాలి. నడుము వంగిపోతుంది, భుజాలు పట్టేస్తాయి, సన్నని పోగులు చూసి చూసి కళ్ళు నీరు కారుతాయి. వానాకాలంలో గుంతలోకి చెమ్మ చేరితే పని ఆగుతుంది, ఆ నష్టం నేతగానిదే. భార్యో తల్లో కూర్చుని కండెలు చుడుతుంది. ఆమె కూలి విడిగా ఏ పుస్తకంలోనూ కనబడదు. నడుము నొప్పి షావుకారు లెక్కలోకి రాదు, ఆస్పత్రి చీటీలోకే వస్తుంది.

ఇప్పుడు ఈ బొమ్మలోంచి మగ్గం తీసి కంప్యూటర్ పెట్టండి. మీ అబ్బాయి కనబడతాడు. గది మీది, కరెంటు మీది, కుర్చీ మీది. గంటలు లెక్కపెట్టేవారు లేరు. మగ్గానికి ఉన్న ఒక్క సుగుణం కూడా కంప్యూటర్‌కు లేదు. అది పక్కమీదికి వస్తుంది. రాత్రి పదకొండు గంటలకు దానంతట అదే పిలుస్తుంది.

ఒక తల్లి భుజం నొప్పి

పనికి వైద్యం చేయడం అంటే ఏమిటో తెలియాలంటే పాత నల్లగొండ జిల్లాకు పోదాం. అక్కడి చేనేత కూడా ఇళ్ళలోనే సాగుతుంది. పోచంపల్లి రకం చీరలకు రంగులు వేయకముందు నూలును మేకుల చుట్టూ వరసగా పేర్చాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పని. ఒక్క చీరకు చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి ఈ పని చేసి చేసి భుజం నొప్పితో బాధపడేది.

సామాన్యంగా ఇటువంటి చోట మనం ఏం చేస్తాం? కాస్త తైలం రాయమంటాం. ఓర్చుకోమంటాం. ఆమె కొడుకు చింతకింది మల్లేశం అలా ఊరుకోలేదు. అమ్మ చేతిని బాగుచేయడం కాదు, అమ్మ చేసే పనినే మార్చాలి అనుకున్నాడు. ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999 నాటికి ఆసు పోసే యంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ప్రభుత్వం అతనికి పద్మశ్రీ ఇచ్చింది. ఆ యంత్రం తరువాత ఎందరో తల్లుల భుజాలకు విశ్రాంతి నిచ్చింది.

నా దృష్టిలో మంచి కంపెనీకి, చెడ్డ కంపెనీకి తేడా సరిగ్గా ఇదే. ఒకరికి నొప్పి వచ్చినప్పుడు "నువ్వు సర్దుకో" అనే చోటు చెడ్డది. "పనిలో ఏం మార్చాలి?" అని అడిగే చోటు మంచిది. పుట్టినరోజుకు కేకు కోయించడం, గోడలమీద సూక్తులు రాయించడం తరువాతి మాట.

కంపెనీ అంటే అద్దాల మేడే కానక్కరలేదు. నలుగురు పనిచేసే బట్టల దుకాణం కూడా కంపెనీయే. పొద్దంతా నిలబడి చీరలు చూపించే అమ్మాయిలకు కాళ్ళ నరాలు ఉబ్బుతాయి, మడమలు నొప్పి పెడతాయి. వారికి మాత్రలతో పాటు కావలసింది ఒక స్టూలు. దుకాణంలో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. చట్టం వచ్చేదాకా ఆగవలసిన పని ఏ దుకాణదారుకూ లేదు.

భయం కూడా రోగకారణమే

మీరు వీధిలో పోతుంటే కుక్క తరిమిందనుకోండి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు వెంటనే మేల్కొంటాయి. గుండె వేగం హెచ్చుతుంది, రక్తపు పోటు పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర దూకుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. పరుగెత్తడానికి ఇదంతా అవసరం. కుక్క పోగానే అన్నీ సర్దుకుంటాయి.

అందరి ముందూ నిలదీసే అధికారి ఉన్నచోట ఈ కుక్క ఎప్పటికీ పోదు. తప్పు చేస్తే ఏమంటారో, సెలవు అడిగితే ఏమనుకుంటారో, పది నిమిషాలు కంప్యూటర్ ముందు లేకపోతే ఏం రాసుకుంటారో అనే భయం పొద్దంతా ఉంటుంది. ఇంట్లో పనిచేసేవారికి ఇది ఇంకా ఎక్కువ. ఎదుటి మనిషి ముఖం కనబడదు. "రేపు మాట్లాడాలి" అని రెండు మాటల సందేశం వస్తే, అది మెప్పుకో చీవాట్లకో తెలియక రాత్రంతా మేలుకుంటారు. పక్క బల్ల స్నేహితుడు ఉంటే "ఏం లేదులే" అనేవాడు. ఇంట్లో ఆ మాట అనేవారు లేరు.

నెలలు గడిచేసరికి నిద్ర పోతుంది, కడుపులో మంట మొదలవుతుంది, రక్తపు పోటు అక్కడే నిలిచిపోవచ్చు. తరువాత ఒళ్ళు అలసిపోవడమే కాదు, పని అంటేనే రోత పుడుతుంది, చేసిన పని చేతికి అందినట్టు ఉండదు. ఈ స్థితిని బర్న్ ఔట్ అంటున్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వివరిస్తూ, ఇది విడిగా ఒక జబ్బు కాదనీ, పనిలో తీరని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అనీ చెప్పింది. అంటే చికిత్స పనిచేసే చోట మొదలు కావాలన్నమాట.

గంటల లెక్క

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అనే హద్దును అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే, తన మొదటి ఒప్పందంలోనే పెట్టింది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి 48 గంటలే అన్నది. ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ అన్నది. ఇవి దయతో పెట్టిన హద్దులు కావు. మనిషి ఒంటికి ఉన్న హద్దులు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ కలిసి ఒక పెద్ద పరిశీలన ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే అవకాశం 35 శాతం ఎక్కువ. గుండెకు రక్తం అందక మరణించే అవకాశం 17 శాతం ఎక్కువ. ఈ మధ్య కొందరు పెద్ద పారిశ్రామికవేత్తలు వారానికి 70 గంటలు, 90 గంటలు పనిచేయాలని ఉపన్యాసాలు ఇచ్చారు. వినడానికి ఉత్సాహంగానే ఉంటుంది. గుండెకు మాత్రం ఉపన్యాసాలు వినపడవు.

ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి, 50 మందికి పైగా ఉన్న కంపెనీలు, పని వేళల తరువాత ఫోనుకు, సందేశాలకు జవాబివ్వకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించి తీరాలి. మనం కూడా ఆలోచించదగిన విషయం.

యజమానులకు చీటీ

మీ కింద నలుగురున్నా, నాలుగు వందల మంది ఉన్నా ఈ చీటీ పనికివస్తుంది.

1. పని మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళ కూడా రాసి పెట్టండి. ఆ తరువాత అత్యవసరమైతేనే ఫోను చేయాలి. ఏది అత్యవసరమో ముందే చెప్పండి. అన్నీ అత్యవసరం అనే చోట ఏదీ అత్యవసరం కాదు.

2. సమావేశాలను గొలుసులా తగిలించకండి. గంట అనుకున్నది 50 నిమిషాల్లో ముగించండి. మధ్యాహ్న భోజన వేళ జోలికి పోకండి.

3. కంప్యూటర్ ఇచ్చినట్టే కుర్చీ, బల్ల కూడా ఇవ్వండి. మంచం మీద కూర్చుని పనిచేసేవాని నడుము మీ ఖాతాలోదే.

4. పొరపాటు జరిగితే "ఎవరు?" అని కాదు, "ఎలా జరిగింది?" అని అడగండి. మెచ్చుకోవడం నలుగురిలో, సరిదిద్దడం విడిగా. భయపడే మనిషి తప్పును దాచిపెడతాడు. దాచిన తప్పు కురుపులాంటిది, లోపల పెరుగుతుంది.

5. జ్వరమని సెలవడిగినవానితో వాదన పెట్టుకోకండి. మీరూ సెలవు తీసుకోండి. పెద్దవాడు సెలవు తీసుకోని చోట చిన్నవాడు అడగలేడు.

6. వారానికి ఒకసారి పని ప్రసక్తి లేకుండా పలకరించండి. కొత్తగా చేరినవారికి ఒక పాత మనిషిని తోడుగా అప్పగించండి. వీలైనప్పుడల్లా అందరూ ఒకచోట కలిసేలా చూడండి.

7. స్త్రీల విషయంలో జాగ్రత్త. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం "పనిచేసే చోటు" అనే మాటలో ఇంటిని కూడా చేర్చింది. ఫోనులో అన్నాను కదా, ఎదురుగా కాదు కదా అనే సాకు చెల్లదు. పదిమంది ఉన్న ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉంటే జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు.

ఇందులో కుర్చీ, బల్ల తప్ప పెద్ద ఖర్చేమీ లేదు. అలవాటు మార్చుకోవడమే కష్టం.

పనిచేసేవారికి

యజమాని మారేదాకా మీరు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మగ్గానికి ఉన్నట్టే మీ పనికీ ఇంట్లో ఒక చోటు ఏర్పరచండి. గది లేకపోతే ఒక మూల చాలు. మంచం మాత్రం కాదు.

తెర పై అంచు మీ కళ్ళకు సమంగా ఉండాలి. మన తల బరువు సుమారు ఐదు కిలోలు. ముందుకు వంచిన కొద్దీ మెడ కండరాలపై భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కంప్యూటర్ కింద లావుపాటి పుస్తకాలు పెట్టి ఎత్తు చేయండి, టైపు చేసే కీబోర్డు విడిగా పెట్టుకోండి. మోచేతులు బల్ల ఎత్తులో, పాదాలు పూర్తిగా నేలమీద ఉండాలి. నడుము వెనక తువ్వాలు చుట్టి పెట్టుకోండి.

తెర చూసేటప్పుడు మనకు తెలియకుండానే రెప్పలు తక్కువసార్లు వేస్తాం. కళ్ళ మంటకు అదే కారణం. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని చెట్టునో గోడనో 20 సెకండ్లు చూడండి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలనివ్వకండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

పని ముగిశాక కంప్యూటర్ మూసి, పైన గుడ్డ కప్పండి. చెప్పులు వేసుకుని 20 నిమిషాలు బయట నడిచి రండి. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చిన భావం మనసుకు కావాలి. ఫోను పడకగది బయటే ఉండాలి.

అమెరికా వేళల్లో పనిచేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. న్యూయార్కులో పొద్దున 9 అయితే మనకు సాయంత్రం అవుతుంది. పగటి నిద్రకు చీకటి గది ఏర్పాటు చేసుకోండి. రోజూ ఒకే వేళకు పడుకోండి. కాఫీ, టీలు పని మొదటి సగంతో ఆపేయండి. ఏడాదికి ఒకసారి రక్తపు పోటు, చక్కెర పరీక్ష చేయించుకోండి.

ఇక ముఖ్యమైన సంగతి. ఒక వారం రోజులు మీరు పనిచేసిన గంటలు ఒక కాగితం మీద రాయండి. రాత్రి ఎన్ని ఫోన్లు వచ్చాయో కూడా రాయండి. దాన్ని మీ పై అధికారికి మర్యాదగా చూపించండి. తోటివారు కూడా కలిస్తే మరీ మంచిది. కొందరు అధికారులకు తాము చేస్తున్నది ఏమిటో నిజంగానే తెలియదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు.

ఇంట్లోవారికి

ఇంట్లో ఉన్నాడు కదా అని తలుపు కొట్టి ఉప్పు తెమ్మనకండి. అతను ఇంట్లో ఉన్నాడు గాని ఖాళీగా లేడు. ఇది కోడళ్ళ విషయంలో మరీ అవసరం. "ఇంట్లోనే ఉందిగా" అని వంట, పిల్లల చదువు, వచ్చిపోయే చుట్టాలు అన్నీ ఆమె మీద వేస్తే ఆమెది ఒక ఉద్యోగం కాదు, రెండు. కండెలు చుట్టే తల్లి కూలి లెక్కలోకి రానట్టే ఈమె రెండో ఉద్యోగం కూడా లెక్కలోకి రాదు. ఇంటి పని పంచుకోవడం కూడా ఆరోగ్య సూత్రమే.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

మెడ నొప్పితో పాటు చేతికి తిమ్మిరి ఎక్కినా, పట్టు తగ్గినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికి పాకే నొప్పి వస్తే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక పక్క కాలో చెయ్యో పడిపోయినా అంతే. వెంటనే 108కి ఫోను చేయండి.

రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా అది సోమరితనం కాదు. చికిత్సతో తగ్గే బాధ. బతుకు మీద విరక్తి మాటలు వినబడితే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడికి ఉద్యోగం రాగానే జీతం ఎంత అని అడుగుతాం. పెళ్ళి సంబంధం వచ్చినా అదే ప్రశ్న. ఇకనుంచి ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. పని ఎన్ని గంటలకు ముగుస్తుంది? ఒంట్లో బాగాలేదంటే అక్కడ వినేవారు ఉన్నారా? ఈ రెండింటికీ మంచి జవాబు వస్తే, మీ అబ్బాయికి టానిక్ అడగవలసిన అవసరం చాలావరకు ఉండదు.